ఒక కంప్యూటరుకు మూడు అడ్రసులు: ఏ నంబరు ఎవరికి కనిపిస్తుంది?

కర్నూలు సీ క్యాంపు దగ్గర కాపురముంటున్న మా చిన్నాయనకు ఆదోనిలో పత్తి వ్యాపారం. సీజనులో వారానికి నాలుగైదు రోజులు ఆయన అక్కడే ఉండిపోతారు. ఇంటి చుట్టూ పెట్టించుకున్న నాలుగు కెమెరాల రికార్డింగు హాల్లోని పాత కంప్యూటరులోకి చేరుతుంది కాబట్టి, దాన్ని ఆదోని నుంచే ఫోనులో చూసుకోవాలన్నది ఆయన కోరిక. కెమెరాలు బిగించిన కుర్రవాడు "మీ కంప్యూటరు ఐపీ అడ్రసు చెప్పండి సార్, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. చిన్నాయన కంప్యూటరులో చూస్తే 192.168.1.5 అని ఉంది. మా చెల్లెలు అదే కంప్యూటరులో, ఐపీ అడ్రసు చూపించే ఒక సైటు తెరిస్తే 203.0.113.40 అని వచ్చింది. రూటరు సెట్టింగుల పేజీలో ఇంకొకటి, 100.72.18.9. మూడింటినీ క్యాలెండరు కాగితం వెనక రాసి, ఫొటో తీసి, అనంతపురంలో ఉన్న నాకు పంపి ఆయన అడిగిన ప్రశ్న ఇది: "పెట్టె ఒగటే గదరా, అడ్రసులు మూడెట్లుంటాయి? దీంట్లో నిజమైంది ఏది?"

మూడూ నిజమైనవే. ఎవరు, ఎక్కడ నిలబడి అడుగుతున్నారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. (బయటి నంబరుగా ఇక్కడ వేసిన 203.0.113.40 ఆయన ఇంటిది కాదు. పుస్తకాల్లో ఉదాహరణలు రాసుకోవడానికని ప్రత్యేకంగా పక్కన పెట్టిన వరుసలోది.)

ఇంటి నంబరు, ఊరి పేరు, పిన్‌కోడు

ఇంటర్నెట్‌లో ఏ సమాచారమైనా చిన్న చిన్న కట్టలుగా ప్రయాణిస్తుంది. ప్రతి కట్ట మీద ఎక్కడి నుంచి బయలుదేరింది, ఎక్కడికి చేరాలి అన్న రెండు నంబర్లు ఉంటాయి. ఆ నంబరునే ఐపీ అడ్రసు అంటారు. 1981లో ఖరారై నేటికీ ఎక్కువగా వాడుకలో ఉన్న నాలుగో కూర్పులో, అంటే ఐపీవీ4లో, చుక్కలతో విడదీసిన అంకెల గుంపులు నాలుగుంటాయి. ఒక్కో గుంపు విలువ 0 నుంచి 255 వరకు ఉండవచ్చు.

ఇక తికమక ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి మన ఇళ్ల నంబర్లే సరిపోతాయి. 1-45 అనే ఇంటి నంబరు డోనులో ఉండవచ్చు, గుత్తిలో ఉండవచ్చు, పులివెందులలోనూ ఉండవచ్చు. ఆ ఊళ్లో తిరిగే పోస్టుమ్యానుకు 1-45 అంటే చాలు, నేరుగా గడప దగ్గరికి వస్తాడు. చెన్నై నుంచి ఉత్తరం రాసేవాళ్లు మాత్రం ఉత్త 1-45 అని రాస్తే అది ఎటూ కదలదు. కర్నూలైతే 518001, అనంతపురమైతే 515001, కడపైతే 516001 అని ఊరినీ పిన్‌కోడునూ చేర్చవలసిందే. 192.168.1.5 అన్నది ఊరి పేరు లేని ఇంటి నంబరు లాంటిది. చిన్నాయన ఇంట్లో అదొక్కటే ఉంటుంది గానీ, ఈ రాత్రి ఇదే నంబరు కడపలో ఎన్నో ఇళ్లలో, ప్రొద్దుటూరులో ఎన్నో అంగళ్లలో వేరే వేరే యంత్రాలకు ఉండి తీరుతుంది.

ఇలా ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరినీ అడగకుండా వాడుకోవడానికి మూడు వరుసలను 1996లో శాశ్వతంగా విడిచిపెట్టారు. 10తో మొదలయ్యేవన్నీ ఒక వరుస. 172.16 నుంచి 172.31 వరకు రెండోది. 192.168తో మొదలయ్యేవి మూడోది. రెండో వరుస దగ్గర చాలామంది పొరబడతారు: 172.20.3.4 లోపలి నంబరే, 172.40.3.4 మాత్రం కాదు. అలాగే 192.168 లోపలిది, 192.169 బయటిది. ఒక్క అంకె తేడాతో ఇంటి లోపలి నుంచి లోకంలోకి వచ్చేస్తాం.

కంప్యూటరు చెప్పే నంబరు

విండోస్ కంప్యూటరులో నల్లటి కమాండ్ కిటికీ తెరిచి "ఐపీకాన్ఫిగ్" అన్న ఆదేశం ఇస్తే కనిపించేది ఈ లోపలి నంబరే. లినక్సులో "ఐపీ అడ్రెస్" అన్న ఆదేశం, మ్యాక్‌లో నెట్‌వర్క్ సెట్టింగుల పేజీ ఇదే సంగతి చెబుతాయి. ఆదేశం కంటే దాని జవాబును చదవడమే కష్టం, ఎందుకంటే తెర మీద ఒకటి కాదు, నాలుగైదు పేరాలు కనిపిస్తాయి. కేబులుకు ఒకటి, వైఫైకి ఒకటి, బ్లూటూత్‌కు ఒకటి, ఏదైనా సాఫ్ట్‌వేరు సృష్టించుకున్న ఉత్తుత్తి కనెక్షనుకు ఇంకొకటి. వీటిలో ఇప్పుడు నిజంగా పనిచేస్తున్నదాన్ని పట్టించే గుర్తు "డిఫాల్ట్ గేట్‌వే" అన్న వరుస. ఆ వరుసలో నంబరు ఉన్న పేరాలోనే మన అడ్రసు ఉంటుంది. గేట్‌వే అంటే ఇంటి వీధి గుమ్మం, అంటే రూటరు. చిన్నాయన తెర మీద అక్కడ 192.168.1.1 అని ఉంది.

విండోస్‌లో "ఐపీకాన్ఫిగ్ /ఆల్" అని ఆదేశం ఇస్తే, జంటలు జంటలుగా పన్నెండు అక్షరాలతో "ఫిజికల్ అడ్రస్" అని మరొకటి కనిపిస్తుంది. దాన్ని మ్యాక్ అడ్రసు అంటారు, యాపిల్ మ్యాక్‌తో దీనికి సంబంధం లేదు. ఇది ఐపీ అడ్రసు కాదు. నెట్‌వర్క్ కార్డుకు ఫ్యాక్టరీలోనే వేసిన గుర్తు, బండికి ఛాసిస్ నంబరు ఉన్నట్టు. ఇల్లు మారితే మన ఇంటి అడ్రసు మారుతుంది గానీ బండి ఛాసిస్ నంబరు మారదు కదా. అయితే ఈమధ్య ఫోన్లు, వాడేవారి జాడ పట్టుబడకుండా ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ అడ్రసు చూపిస్తున్నాయి. ఆండ్రాయిడ్ 10 నుంచి అది మామూలు ఏర్పాటుగా వస్తోంది.

ఇంకో రెండు నంబర్లను గుర్తుపట్టగలిగితే చాలా వృథా శ్రమ తప్పుతుంది. 127.0.0.1 అంటే కంప్యూటరు తనను తాను పిలుచుకునే నంబరు. ప్రపంచంలోని ప్రతి కంప్యూటరుకూ అదే. 169.254తో మొదలయ్యే నంబరు కనిపించిందంటే, కంప్యూటరు అడ్రసు కోసం రూటరును అడిగి, జవాబు రాక, తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. చాలాసార్లు కేబులు వదులవడమో, రూటరు ఆగిపోవడమో దానికి కారణం.

ఈ లోపలి నంబరును పంచేది రూటరే, అదీ శాశ్వతంగా కాదు, గడువుతో. ఫోను ఇంట్లోకి రాగానే ఒక నంబరు తీసుకుంటుంది. గడువు తీరేలోపు పొడిగించుకుంటే అదే నిలుస్తుంది, లేకపోతే ఆ నంబరు మరొకరికి పోవచ్చు. కరెంటు పోయి వచ్చాక నిన్నటి 192.168.1.5 నేడు 192.168.1.8 కావడంలో వింత లేదు. మారకుండా ఉండాలంటే, ఫలానా మ్యాక్ అడ్రసుకు ఫలానా నంబరే ఇవ్వమని రూటరులో రాసి పెట్టే వీలుంది.

సైటు చెప్పే నంబరు

"మీ ఐపీ అడ్రసు ఇది" అని చూపే సైటు మన కంప్యూటరులోకి తొంగిచూసి ఆ నంబరు కనుక్కుంటుందని చాలామంది అనుకుంటారు, కొందరు భయపడతారు కూడా. అది చేసేది అంతకంటే చాలా సులువైన పని. తనకు అందిన కట్ట మీద పంపినవారి అడ్రసు ఏముందో చదివి మనకు తిరిగి చూపిస్తుంది, అంతే. మరి కంప్యూటరు 192.168.1.5 అని రాసి పంపితే సైటుకు 203.0.113.40 అని ఎలా అందింది?

దారిలో పైకవరు మార్చారు కాబట్టి. అడ్రసును మార్చే ఈ పద్ధతిని నాట్ అంటారు. 1994లో దీన్ని తాత్కాలిక ఉపాయంగా ప్రతిపాదించారు. దాని పని తీరు ఒక్కసారి దగ్గరగా చూస్తే మిగతా చిక్కులన్నీ వాటంతటవే విడతాయి. కాసేపు రూటరుకే 203.0.113.40 ఉందనుకుందాం. కంప్యూటరు 192.168.1.5 ఒక సైటును పిలుస్తూ తన వైపు 51000 అన్న పోర్టు నంబరు వేసుకుంటుంది. పోర్టు అంటే ఒకే ఇంట్లో గది నంబరు లాంటిది. రూటరు ఆ కట్టను ఆపి, పంపినవారి అడ్రసు కొట్టేసి తన 203.0.113.40 రాసి, పోర్టును 62001గా మార్చి, "62001కి జవాబు వస్తే 192.168.1.5, 51000కి ఇవ్వాలి" అని తన చిట్టాలో రాసుకుంటుంది. అదే నిమిషంలో చిన్నమ్మ ఫోను, 192.168.1.9, అదే సైటును పిలిస్తే దానికి 62002 ఇస్తుంది. సైటుకు రెండూ ఒకే ఇంటి నుంచి వచ్చినట్టే కనిపిస్తాయి. జవాబులు మాత్రం చిట్టా ప్రకారం ఎవరిది వారికి చేరతాయి.

ఇందులో ఒక ముఖ్యమైన సంగతి దాగి ఉంది. చిట్టాలో పద్దు పడేది లోపలి నుంచి ఎవరైనా బయటికి పిలిచినప్పుడే. బయటి నుంచి ఎవరో ముందుగా వచ్చి తలుపు తడితే, అది ఎవరికోసమో రూటరుకు తెలియదు, కాబట్టి వదిలేస్తుంది. ఆదోని నుంచి ఇంటి కెమెరాను పిలవడం అంటే సరిగ్గా ఇదే. దానికోసమే "ఫలానా పోర్టుకు ఎవరు వచ్చినా 192.168.1.5కి పంపు" అన్న శాశ్వత పద్దును రూటరులో రాస్తారు. దాన్ని పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. కుర్రవాడు చేస్తానన్న సెట్టింగు అదే.

మూడో నంబరు ఎందుకు పుట్టింది

నాలుగు గుంపులు, ఒక్కో దానికి 256 విలువలు. లెక్కేస్తే మొత్తం 4,29,49,67,296 అడ్రసులు, అంటే సుమారు 429 కోట్లు. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది, ఇంటికి ఒక రూటరు కాదు, మనిషికి ఒక ఫోను వచ్చింది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ స్థాయి అడ్రసుల నిల్వలోని చివరి పెద్ద వరుసలను ఐదు ప్రాంతీయ సంస్థలకు పంచేశారు. మన దేశం ఉన్న ఆసియా పసిఫిక్ ప్రాంతపు సంస్థ ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్‌లోనే చివరి వరుస దగ్గరికి వచ్చి రేషను మొదలుపెట్టింది. ఆ తర్వాత పుట్టిన ఇంటర్నెట్ కంపెనీలకు, మన ఊళ్ల కేబుల్ ఆపరేటర్లకు, ఇంటింటికీ ఒక బయటి అడ్రసు ఇచ్చే స్తోమత లేకపోయింది.

అప్పుడు ఇంట్లో రూటరు చేసే పనినే కంపెనీలు తమ స్థాయిలో చేయడం మొదలుపెట్టాయి. వందల ఇళ్ల రూటర్లకు లోపలి తరహా నంబర్లు ఇచ్చి, కంపెనీ గేటు దగ్గర పైకవర్లు మరోసారి మార్చి, అన్నిటినీ కొద్ది బయటి అడ్రసుల మీద పంపిస్తారు. దీన్ని సీజీ నాట్ అంటారు. దీనికోసమే 2012 ఏప్రిల్‌లో 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వరుసను కేటాయించారు. చిన్నాయన రూటరులో కనిపించిన 100.72.18.9 ఈ వరుసలోదే. అంటే నిజానికి 203.0.113.40 రూటరుది కాదు, కంపెనీ గేటుది. ఆయన ఇంటి కట్టల పైకవరు ఇంటి గుమ్మంలో ఒకసారి, కంపెనీ గేటులో ఒకసారి, మొత్తం రెండుసార్లు మారుతోంది.

ఒక అడ్రసును ఎన్ని ఇళ్లు పంచుకోవచ్చు? పోర్టులు మొత్తం 65,536. మొదటి 1,024 వదిలేస్తే 64,512 మిగులుతాయి. ఒక్కో ఇంటికి 1,008 పోర్టుల చొప్పున ఇచ్చారనుకుంటే, 64 ఇళ్లు ఒక్క నంబరు వెనక ఒదుగుతాయి. ఇది లెక్క తెలియడానికి వేసిన ఉదాహరణ, ఏ కంపెనీ ఎన్ని ఇస్తుందన్నది దాని ఏర్పాటును బట్టి ఉంటుంది. ఎదురింటివారిని సైటు తెరిచి చూడమని చిన్నాయనకు చెప్పాను. వాళ్లదీ అదే కంపెనీ కనెక్షను. అంకె పొల్లు పోకుండా అదే నంబరు వచ్చింది.

కాబట్టి ఇంటి పరిస్థితి తెలియాలంటే రూటరు పేజీలో "వాన్" (బయటి నెట్‌వర్క్ వైపు) అన్న చోట ఉన్న నంబరునూ, సైటు చూపే నంబరునూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకటే అయితే బయటి అడ్రసు మనదే. వేరుగా ఉండి, రూటరుది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే వీధి మొత్తంతో పంచుకుంటున్నట్టు. రూటరుది 10తోనో 192.168తోనో మొదలైతే రెండు అవకాశాలున్నాయి: కంపెనీయే ఆ వరుసను వాడుతుండవచ్చు, లేదా ఫైబరు పెట్టెకు వెనక మనమే విడిగా వైఫై రూటరు కొని తగిలించి ఉండవచ్చు. రెండోది మన ఇళ్లలో తరచు కనిపించేదే. పై అంతస్తుకు సిగ్నల్ అందడం లేదని కొన్న రూటరు, తెలియకుండానే ఇంటి లోపల మరో ఇల్లు కట్టేస్తుంది. ఫోనులో వీపీఎన్, అంటే మన కట్టలను మరో కంపెనీ సర్వరు మీదుగా పంపే ఏర్పాటు, ఆన్ అయి ఉంటే ఈ పోలిక మొత్తం చెడిపోతుంది, ఎందుకంటే అప్పుడు సైటుకు కనిపించేది వీపీఎన్ కంపెనీ నంబరు.

పంచుకోవడం మంచిదా, చెడ్డదా

కంపెనీల వాదనలో బలం ఉంది. బయటి అడ్రసులను ఇప్పుడు సంతలో కొనుక్కోవాలి. ఆ ఖర్చంతా నెలవారీ బిల్లులో వేస్తే చిన్న ఊళ్లకు కనెక్షన్లే రావు. సినిమా చూసేవారికి, ఫీజు కట్టేవారికి, వీడియో కాల్ మాట్లాడేవారికి ఈ పంపకం తేడానే తెలియదు. బయటివాడు నేరుగా ఇంటి యంత్రాన్ని తాకలేకపోవడం కొంత రక్షణ కూడా. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం, ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాలను, రికార్డర్లను లక్షల్లో వశపరచుకుని, ఆ అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద సైట్లు నిలిచిపోయేలా చేసింది. దానికి దొరికినవి బయటి నుంచి నేరుగా అందే యంత్రాలే.

అయితే నాట్‌ను రక్షణ గోడగా లెక్కించడాన్ని నెట్‌వర్క్ నిపుణుల్లో చాలామంది ఒప్పుకోరు. రక్షణ ఇచ్చేది ఏ కట్టను లోపలికి వదలాలో, దేన్ని ఆపాలో తేల్చే ఫైర్‌వాల్ గానీ అడ్రసు మార్పిడి కాదని, ఎవరైనా ఎవరినైనా నేరుగా పిలవగలగడమే ఇంటర్నెట్ అసలు గుణమని వారి మాట. నాకూ అదే సబబనిపిస్తుంది. నేరుగా పిలిచే దారి మూసుకుపోయాక కెమెరా కంపెనీలు వేరే దారి వెతికాయి: ఇంటి కెమెరా, చేతిలోని ఫోను, రెండూ కంపెనీ సర్వరునే బయటికి పిలుస్తాయి, సర్వరు రెండింటినీ కలుపుతుంది. అడ్రసు గొడవే ఉండదు. సులువే, కాదనను. కానీ మన ఇంటి గుమ్మం దృశ్యం చూడటానికి మనం మధ్యలో మూడో మనిషి మీద ఆధారపడుతున్నాం.

నేర పరిశోధనలో ఈ పంపకం ఇంకా గట్టి చిక్కు తెస్తుంది. ఒక మోసపు సందేశం ఫలానా అడ్రసు నుంచి, ఫలానా సమయానికి వచ్చిందని తెలిసినా, దాని వెనక ఆ నిమిషాన పదుల ఇళ్లు ఉండవచ్చు. పోర్టు నంబరు కూడా తెలిస్తేనే ఏ ఇల్లో తేలుతుంది. అందుకే సర్వర్లు పోర్టును కూడా నమోదు చేసుకోవాలని 2011లోనే ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ సిఫారసు చేసింది. 2017 అక్టోబరులో ఐరోపా సమాఖ్య పోలీసు సహకార సంస్థ యూరోపోల్, సీజీ నాట్ వల్ల నేరస్థులను గుర్తించడం కష్టమవుతోందని బహిరంగంగానే చెప్పింది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను, అంటే ఎప్పుడు ఏం జరిగిందన్న నమోదులను, 180 రోజులు భద్రపరచాలంటున్నాయి. ఆ లాగ్‌లో పోర్టు లేకపోతే పొరుగింటివాడు చేసిన పనికి మన తలుపు తట్టే అవకాశం ఉందన్నది తేలిగ్గా తీసుకోదగిన విషయం కాదు.

కడపలో కూర్చుంటే చెన్నై అని ఎందుకు చూపిస్తుంది

సైటు నంబరుతో పాటు ఊరి పేరు కూడా చూపిస్తుంది. కడపలోనో హిందూపురంలోనో కూర్చున్నవారికి అది చెన్నై అనో, హైదరాబాదు అనో, బెంగళూరు అనో రావడం మామూలే. అడ్రసులో ఊరి పేరు రాసి ఉండదు. ఫలానా వరుస ఫలానా కంపెనీకి ఇచ్చారన్న నమోదును, ఆ కంపెనీ గేటు ఏ నగరంలో ఉందన్న అంచనాను కలిపి కొన్ని సంస్థలు పట్టికలు తయారుచేస్తాయి. సైటు చదివేది ఆ పట్టికను. కాబట్టి ఐపీ అడ్రసు దొరికితే ఇల్లు దొరికినట్టేనన్న భయం సరికాదు. ఇల్లు తెలిసేది కంపెనీ దగ్గరున్న చందాదారుల రికార్డులోనే, అది అధికారులకు చట్టప్రకారం అడిగితే దక్కేది.

ఐపీవీ6 వచ్చాక మారేది

ఆరో కూర్పులో అడ్రసు పొడవు 32 బిట్ల నుంచి 128 బిట్లకు పెరిగింది. మొత్తం సంఖ్య 340 పక్కన 36 సున్నాలు పెట్టినంత. సాధారణంగా ఒక ఇంటికే, పాత పద్ధతిలోని మొత్తం అడ్రసుల సంఖ్యను అదే సంఖ్యతో గుణిస్తే వచ్చేన్ని దక్కుతాయి. కాబట్టి ఇంట్లోని ప్రతి యంత్రానికీ దాని సొంత బయటి అడ్రసు ఉంటుంది, పైకవర్లు మార్చవలసిన పని ఉండదు. తెర మీద కోలన్లతో పొడవుగా కనిపించేది ఇదే. అందులో ఎఫ్‌ఈ80తో మొదలయ్యేది ఇంటి గడప దాటనిది. మన ప్రాంతపు కనెక్షన్లలో తరచు 24 అన్న అంకెలతో మొదలయ్యేది లోకానికి కనిపించేది. అలాంటివి రెండు మూడు ఉంటే కంగారు పడనక్కరలేదు: వాటిలో "టెంపరరీ" అని రాసి ఉన్నది బయటికి పిలిచేటప్పుడు వాడి, కొన్నాళ్లకు మార్చేసేది.

పాతదానికీ కొత్తదానికీ నేరుగా మాటలు కుదరవు. రెండు చివర్లా ఆరో కూర్పు ఉంటేనే అది పనికొస్తుంది. అందుకే 2012 జూన్ 6న పెద్ద సంస్థలెన్నో దాన్ని శాశ్వతంగా మొదలుపెట్టినా, ఇన్నేళ్లుగా రెండు కూర్పులూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

క్యాలెండరు కాగితం మీది మూడు నంబర్లలో చిన్నాయన పనికి ఒక్కటీ రాలేదు. రూటరులో పోర్ట్ ఫార్వర్డింగ్ రాసినా, పిలుపు కంపెనీ గేటు దగ్గరే ఆగిపోతుంది, ఆ గేటు చిట్టా మన చేతిలో లేదు. మారని సొంత బయటి అడ్రసు కావాలంటే నెలకు అదనంగా కట్టమన్నారు. కెమెరా కంపెనీ సర్వరు ద్వారా చూడటం ఆయనకు ఇష్టం లేదు. చివరికి రూటరులో ఆఫ్ చేసి ఉన్న ఐపీవీ6ను ఆన్ చేశాం. కెమెరా పాస్‌వర్డు మార్చి, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క కంప్యూటరుకు, ఒక్క పోర్టుకు మాత్రమే అనుమతి రాశాం. అడ్రసు మారినప్పుడల్లా దానంతటదే సరిచేసుకునే ఒక పేరును దానికి కట్టాం. ఇప్పుడు ఆదోనిలో ఆయన ఫోనులో మొబైల్ డేటా మీద ఇంటి గేటు కనిపిస్తుంది. అద్దె గదిలోని వైఫైకి మారగానే తెర ఖాళీ అయిపోతుంది, ఎందుకంటే ఆ గది కనెక్షనుకు ఇంకా ఐపీవీ6 రాలేదు.